మంచం ఉన్న ఇంట్లో నేల మీద పడుకునేవాడి మనవి

సంపాదకుల వారికి,

అయ్యా,

శ్రీకాకుళం వైపు నుంచి పాతపట్నం మీదుగా తెల్లవారేసరికి మా పర్లాకిమిడి చేరే తెలుగు పత్రికల్లో మీ పత్రికను నేను ముప్పై ఏళ్లకు పైగా చదువుతున్నాను. కొన్ని వారాల క్రితం మీ కుటుంబ పేజీలో వృద్ధుల సంరక్షణ మీద ఒక వ్యాసం వచ్చింది. పెద్దవారికి వేళకు అన్నం పెట్టకపోవడం, మందులు కొనకపోవడం, వారితో మాట్లాడేవారు లేకపోవడం వంటి నిరాదరణ గుర్తులను అందులో వరసగా చెప్పి, ఆ వరసలోనే ‘నేల మీద పడుకోబెట్టడం’ అని కూడా రాశారు. తక్కిన వ్యాసంతో నాకు పేచీ లేదు. ఆ ఒక్క మాట మాత్రం మా ఇంట్లో ఒక తగవు పెట్టింది కనుక, దానికి సంజాయిషీ మీ పత్రికలోనే రావడం న్యాయమని తలచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా వయసు అరవై ఎనిమిది. గజపతి జిల్లాలో బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా అబ్బాయి కట్టిన ఇంట్లో మూడు పడక గదులు, మూడు మంచాలు, వాటి మీద మూడు మంచి పరుపులు ఉన్నాయి. నేను మాత్రం నా గదిలో మంచం పక్కన తుంగచాప పరిచి, దాని మీద మా ఆవిడ పాత చీరలతో కుట్టిన బొంత వేసుకుని, పల్చని తలగడ పెట్టుకుని కిందే పడుకుంటాను. మంచం మా ఆవిడది. ఆమెకు మోకాళ్ల నొప్పులు ఉన్నందున కింద కూర్చుని లేవలేదు. రాత్రి లేచి కాలు కింద పెడితే నేనే తగులుతానని ఆమె ఫిర్యాదు, అందుకని చాపను గోడ వైపుకు జరుపుకున్నాను. మా దంపతుల మధ్య ఈ విషయమై ఉన్న వివాదం ఇంతే.

మొన్న జ్యేష్ఠంలో బరంపురం నుంచి మా వియ్యపురాలు వచ్చి నాలుగు రోజులు ఉన్నారు. గదిని అతిథికి, మా ఆవిడకు విడిచిపెట్టి నేను హాలులో చాప వేసుకున్నాను. ఆవిడ తెల్లవారుజామున మంచినీళ్ల కోసం లేచి, నన్ను చూసి, “అన్నయ్యగారూ, మీకు మంచం వెయ్యలేదా మా అమ్మాయి?” అని నొచ్చుకున్నారు. నాకు అలవాటేనని చెప్పాను. మర్నాడు, ఏదైనా దీక్షలో ఉన్నారా అని అడిగారు. లేదన్నాను. మూడోనాడు నన్ను అడగలేదు గానీ, మంచాలు ఉండగా ఇంటి పెద్ద కటిక నేల మీద పడుకోవడం ఇంటికి శుభం కాదని తమ కూతురితో వంటింట్లో అన్నారట. నాలుగోనాడు మీ వ్యాసాన్ని కత్తిరించి, మడిచి, ఆ అమ్మాయి చేతిలో పెట్టి వెళ్లారు. పది రోజులు తిరగకముందే, మామగారిని కింద పడుకోబెడుతున్న కోడలని మా అమ్మాయికి రెండు జిల్లాల్లో పేరొచ్చింది. (కోడలిని నేను అమ్మాయనే అంటాను.) ఆ రోజు నుంచి ఆమె రాత్రిపూట నా చాప దాచేస్తోంది.

ఈ పరిస్థితికి వియ్యపురాలిని తప్పుపట్టలేను. ఆవిడ అన్న మూడు మాటలూ మన సమాజంలో నేల పడకకు ఉన్న మూడు అర్థాలు. ఒకటి, మంచం కొనుక్కోలేని లేమి. రెండు, నియమం. అయ్యప్ప మాల వేసుకున్నవారు మండల కాలం నలభై ఒక్క రోజులూ చాప మీదనే పడుకుంటారు, చాతుర్మాస్య వ్రతం పట్టినవారికీ భూశయనం చెప్పారు. మూడు, మరణం. ప్రాణం పోతున్నదని తెలిసినప్పుడు మనిషిని మంచం దింపి, దర్భలు పరచిన నేల మీదికి చేర్చడం మనలో చాలా కుటుంబాల ఆచారం. కర్మ చేసే కర్త ఆ పది రోజులూ నేల మీదనే పడుకోవాలి. అందువల్ల ఊరికే కింద పడుకున్న మనిషిని చూడగానే పెద్దవాళ్ల మనసు ఏదో కీడు శంకిస్తుంది. ఈ మూడింటిలో ఏదీ కాకుండా, కేవలం అక్కడ నిద్ర బాగా పడుతుంది కాబట్టి ఒక మనిషి అక్కడ పడుకోవచ్చునన్న నాలుగో అర్థానికి మన వాడుకలో చోటు లేకుండా పోయింది. ‘ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్న సామెతను కూడా నా మీద జాలిగానే ప్రయోగిస్తున్నారు. నా నిద్రకు సుఖం బాగానే తెలుసు. తెలిసే చాప అడుగుతోంది.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. మహేంద్రతనయ ఏటికి దగ్గరలో ఉన్న మా పాత పెంకుటింట్లో ఒకటే నులక మంచం ఉండేది. అది తాతగారిది. నులక వదులై ఉయ్యాలలా కుంగిపోయి, నడుము పట్టేసి, అర్ధరాత్రికి ఆయనే దిగివచ్చి మా పిల్లల వరసలో చోటు వెతుక్కునేవారు. “కింద తొంగుంటే గానీ కునుకు రాదర్రా” అని నాయనమ్మ నవ్వేది. పేడతో అలికిన మట్టి నేల కొన్నాళ్లు, తర్వాత ఎర్ర సిమెంటు గచ్చు. వేసవిలో సాయంత్రం గచ్చు మీద నీళ్లు చల్లి, తుడిచి, ఆరిన తర్వాత చాపలు వేస్తే, బయట గాలి లేకపోయినా వీపుకు చల్లదనం అందేది. రాయి, సిమెంటు ఒంటి వేడిని త్వరగా లాగేసుకుంటాయి. నాపరాయి మీదా, ఇప్పటి టైల్స్ మీదా కూడా అంతే. తెల్లవారితే ఎవరి చాప వారు చుట్టి మూల నిలబెట్టేవాళ్లం. రాత్రి పడకటిల్లుగా ఉన్న ఆ గదే పగలు బడిపిల్లల గదిగా, పండగనాడు భోజనాల గదిగా మారేది. ఉద్యోగంలో చేరాక గుమ్మ, మోహన వైపు కొండ ఊళ్లలో వేసినప్పుడు బడి వరండాయే నాకు పడకగది. అక్కడ మంచం గురించి ఎవరూ అడగలేదు.

మా అబ్బాయి ప్రేమతో కొన్న పరుపు మీద నేను పడుకుని చూడలేదని ఎవరూ అనుకోకూడదు. పదకొండు రాత్రులు పడుకున్నాను. అది ఒంటి ఆకారాన్ని గుర్తుపెట్టుకునే రకం నురుగు పరుపు. ఈ నురుగును 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ ‘నాసా’ అవసరాల కోసం తయారు చేశారు. ఒంటి వేడికి మెత్తబడి, బరువున్న చోట కుంగి, శరీరాన్ని చుట్టూ పట్టుకోవడం దాని గుణం. చలిదేశంలో అది హాయి కావచ్చు. ఏప్రిల్ చివర మా ఊళ్లో కరెంటు పోయిన రాత్రి అది ఆవిరికుడుములా ఉంటుంది. పక్కకు తిరగాలంటే ముందు గుంటలోంచి పైకి లేవాలి, ఆ తర్వాత తిరగాలి. పన్నెండో రాత్రి చాప దించుకున్నాను.

ఇంతమాత్రాన నేల పడక సర్వరోగనివారిణి అని నేను చెప్పబోవడం లేదు. ఈమధ్య ఫోన్లలో అటువంటి ఉపదేశాలు చాలా తిరుగుతున్నాయి. వాటిని నమ్మి చాప కొన్నవారు నాకూ తెలుసు. నడుము నొప్పికి గట్టి పడకే మందు అన్న మాటను డాక్టర్లు కూడా ఒకప్పుడు చెప్పేవారు. అయితే 2003లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో స్పెయిన్ వైద్యులు ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి ఓ మోస్తరు గట్టి పరుపు ఇచ్చి, ఏది ఎవరిదో వారికి తెలియనివ్వకుండా 90 రోజులు గమనించగా, ఓ మోస్తరు పరుపు మీద పడుకున్నవారికే నొప్పి ఎక్కువగా తగ్గింది. వారు పరీక్షించినది పరుపులనే తప్ప నేలను కాదు. అయినా, ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదన్న నమ్మకం ఆ పరీక్షకు నిలవలేదని ఒప్పుకోవాలి. వెల్లకిలా పడుకునే నాబోటివాడికి నేల సరిపోతుంది. పక్కకు ఒత్తిగిలి పడుకునేవారికి భుజమూ తుంటి ఎముకా నేలకు ఒత్తుకుని తెల్లవారేసరికి తిమ్మిరి పడతాయి. బక్కపలచని వారికి ఈ బాధ మరీ ఎక్కువ. ఇక పక్షవాతంతో కదలలేనివారిని గట్టి నేల మీద ఉంచితే ఒత్తిడి పుళ్లు పడతాయి. అటువంటి వారికి గాలి పరుపు కావాలి, గంటల లెక్కన పక్క మార్చే మనిషి కావాలి. వారిని కింద పడుకోబెట్టడం నిరాదరణే అన్న మీ వ్యాసకర్త మాట అక్షరాలా నిజం.

లేవడం సంగతి కూడా చెప్పాలి. ఆసరా లేకుండా నేల మీద కూర్చుని మళ్లీ లేవగలగడాన్ని ఒక పరీక్షగా పెట్టి, బ్రెజిల్ వైద్యులు 51 నుంచి 80 ఏళ్ల వయసున్న 2,002 మందిని కొన్నేళ్లపాటు గమనించి 2012లో ఫలితాలు వెల్లడించారు. చేతులూ మోకాళ్లూ ఆనించకుండా లేవగలిగిన వారిలో కంటే, ఎక్కువ ఆసరా అవసరమైన వారిలో ఆ కాలంలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. దీన్నిబట్టి కింద పడుకుంటే ఆయుర్దాయం పెరుగుతుందని కొందరు అర్థం చెబుతున్నారు గానీ అది పంతుళ్లు ఒప్పుకోవలసిన తర్కం కాదు. బలం ఉన్నవాడు లేవగలుగుతున్నాడని మాత్రమే దాని అర్థం. నా మట్టుకు నేను రోజూ పొద్దున్నే ఒక చేయి గోడకు ఆనించే లేస్తున్నాను. ఆ చేయి రెండు చేతులైన నాడు మంచం ఎక్కుతానని మా ఆవిడకు మాట ఇచ్చాను.

మా ప్రాంతంలో కింద పడుకునేవారు అన్నిటికన్నా ముందు ఆలోచించవలసింది పాముల గురించి. ఈ ఒక్క విషయంలో నన్ను మంచం ఎక్కమన్నవారి వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కట్లపాము రాత్రి తిరిగే పాము. వానాకాలంలో ఎలుకలనూ బల్లులనూ చిన్న పాములనూ వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తుంది, నేల మీద నిద్రిస్తున్నవారినే ఎక్కువగా కాటేస్తుంది. కాటు దగ్గర పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. దోమ కుట్టిందనుకుని మనిషి మళ్లీ నిద్రపోతాడు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి అందదు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడి తండ్రి ఇలాగే పోయాడు. కడుపునొప్పి అని ముందు వాము నీళ్లు తాగించారు, తర్వాత మంత్రం వేయించారు, ఆసుపత్రికి చేరేసరికి పొద్దెక్కింది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని పరిశోధకుల అంచనా. వీరిలో అత్యధికులు పల్లెల్లోని వారే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర అనే నాలుగు పాముల విషానికీ పనిచేసే విరుగుడు మందు ఒకటే ఉంది. అది సూదిమందు, ఆసుపత్రిలో ఇవ్వవలసినది. రాత్రి కింద పడుకున్న మనిషి పొద్దున కారణం తెలియని కడుపునొప్పితో, వాలిన రెప్పలతో లేస్తే గాటు కనిపించకపోయినా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలని మీ పత్రిక ప్రతి ఆషాఢంలో ఒకసారి వేస్తే చాలా మేలు.

దీనికి మనలాంటివారు చేయగలిగిన కాపుదల దోమతెర. ఆగ్నేయ నేపాల్‌లో జరిగిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. దోమతెరలో పడుకునేవారికి పాముకాటు ముప్పు బాగా తక్కువగా ఉందని అందులో తేలింది. తెర అంచులు చాప కిందికి నాలుగువైపులా మడవాలి, ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. ఒడిశాలో 2017లో మలేరియా నివారణకు మందు పట్టించిన దోమతెరలను ప్రభుత్వం పెద్ద ఎత్తున పంచింది. మా కొండ మండలాల్లో అవి చాలా ఇళ్లకు చేరాయి. కొన్ని ఇళ్లలో కోళ్లగూటికీ, కూరపాదులకూ కట్టి ఉండగా నా కళ్లతో చూశాను. నేను గొడుగులా తెరుచుకునే, అడుగు కూడా కుట్టి ఉన్న మడత దోమతెర వాడుతున్నాను. తలగడ పక్కన టార్చిలైటు ఉంటుంది. పడుకునేముందు చాప దులుపుతాను. 2011లో ఒకరాత్రి ఈ మూడూ మానినందుకు జెర్రి చెవి మీద కుట్టి వారం రోజులు తల ఒకవైపే పెట్టుకున్నాను. వానాకాలంలో నేల చెమరుస్తుంది, అప్పుడు చాప కింద ఒక ప్లాస్టిక్ పట్టా వేసి, పొద్దున్నే దాన్ని ఎత్తి ఆరబెట్టాలి. లేకపోతే తుంగచాప బూజు పట్టి నెలలో పాడవుతుంది.

చాప చుట్టి పెట్టడంలో ఉన్న లాభం జపాన్ వారికి మనకంటే బాగా తెలిసినట్టుంది. వరిగడ్డి దిండు మీద తుంగలాంటి గడ్డితో అల్లిన పరుపుచాపలను వారు గది నేలంతా పరుస్తారు. రాత్రి వాటి మీద పల్చని దూదిపరుపు వేసుకుని, పొద్దున మడిచి అల్మారాలో పెడతారు, ఎండ వచ్చిన రోజున బయట ఆరవేస్తారు. మా నాయనమ్మ చేసినదీ అదే. మీ పత్రికలోనే ఆ మధ్య ఇంటి అలంకరణ పేజీలో జపాన్ పడకను ఎంతో మెచ్చుకుంటూ రాశారు. దానికీ, వృద్ధుల వ్యాసానికీ మధ్య నా చాప ఎక్కడ పడుతుందో తేల్చుకోలేకపోతున్నాను.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. నేను కింద పడుకోవడం ఇష్టం అనిపించుకుంటున్నది పక్కన మంచం ఉండబట్టే. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల మీద పనికి పోయినవారు ఒక్కొక్క గదిలో పదులమంది ఉంటారు. పగటి షిఫ్టువారు లేచిన చోటనే రాత్రి షిఫ్టువారు వచ్చి పడుకుంటారు. నేల మీద ఆరడుగుల చోటుకు వారు అద్దె కడతారు. సెలవుకు ఇంటికి వచ్చిన అలాంటి కుర్రవాడితో నేను నేల పడక గొప్పదనం మాట్లాడితే, “మేష్టారూ, మీకేం, మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు పైకెక్కొచ్చు” అన్నాడు. నాకు జవాబు తోచలేదు. మా ఆవిడకు ఆపరేషన్ అయినప్పుడు ఒక పెద్దాసుపత్రిలో తొమ్మిది రాత్రులు వరండాలో పడుకున్నాను. నా అటూ ఇటూ కొండ ఊళ్ల నుంచి రోగులతో వచ్చిన సవర గిరిజనులు తువ్వాళ్లు పరుచుకుని పడుకునేవారు. చాప తెచ్చుకున్నవాడిని నేనొక్కడినే. అర్ధరాత్రి తడిగుడ్డతో తుడిచేవారు వచ్చి అందరినీ లేపేవారు, చలికాలం నేల ఆరడానికి గంట పట్టేది. నేలంటే ఇంత ఇష్టమున్న నేను కూడా ఆ తొమ్మిది రాత్రులూ మంచం కోసం అలమటించాను. మీ వ్యాసకర్త నేల పడకను నిరాదరణ అని రాయదలిస్తే, రోగి వెంట వచ్చినవారికి ఒక బల్లయినా లేని ఆ వరండాలను గురించి రాయాలని నా కోరిక.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను చెట్టూ చేమా లేకుండా చేసిన తర్వాత చాలా రోజులు కరెంటు లేదు. పై గదులకు నీరు కారింది, పరుపులు రెండు తడిసి బరువెక్కి మనిషి ఎత్తలేనివయ్యాయి. వాటిని ఆరబెట్టడానికి వారం పట్టింది, ఒకటి చివరికి పారవేశాము. చాపలు మాత్రం ఒక్క ఎండకు ఆరిపోయాయి. ఇంట్లోవారందరం, పక్కింటి రెండు కుటుంబాలతో సహా, మా హాలులో వరసగా కింద పడుకున్నాము. చిన్నవాడైన మా మనవడు ఆ రాత్రులే నా పక్కన చేరి, ఆ తర్వాత కూడా సెలవుల్లో కిందనే పడుకుంటానని మారాం చేస్తున్నాడు. నిజానికి మా వియ్యపురాలికి అసలు బాధ ఇదేనని నా అనుమానం. నా సంగతి పోనీ, వారి మనవడు కూడా కింద పడుకుంటున్నాడు మరి.

కాబట్టి మీకు నా మనవి ఇది. వృద్ధుల సంరక్షణ గురించి ఇకముందు రాసినప్పుడు, పెద్దవారు కింద పడుకున్నారా అని కాకుండా, ఇంట్లో వారికొక మంచం ఉందా, కింద పడుకోవడం వారు ఎంచుకున్నదేనా, రాత్రి లేవాలంటే చేతికి ఆసరా ఉందా, దోమతెర ఉందా అని అడగమని వ్యాసకర్తలకు చెప్పండి. చూడవచ్చిన బంధువులు కూడా కోడలిని అడగడం మాని, కింద పడుకున్న మనిషినే అడిగితే బాగుంటుంది. నాలుగు ముక్కల్లో తేలిపోతుంది.

ఈ ఉత్తరాన్ని మీరు ప్రచురించిన పక్షంలో ఆ పేజీని కత్తిరించి, మడిచి, బరంపురం పంపుతాను. కోడలు దాచిన చాప బియ్యం డబ్బా వెనుక ఉందని నాకు తెలుసు. కానీ ఆమె అనుమతి లేకుండా తీయడం నాకు ఇష్టం లేక, నాలుగు రాత్రులుగా ఒట్టి దుప్పటి మీద పడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా